గొడుగాయన ఎక్కిన బండి

ముందే చెప్పేస్తున్నాను. నేను ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్ముకునేవాడిని. రాజమండ్రిలో నాకు చిన్న షాపుంది. తీగలో కరెంటు లేకపోతే ఏదీ తిరగదు, ఏదీ వెలగదు... ఈ ఒక్క మాట మీదే మా ఇల్లు గడుస్తోంది. అలాంటి నేను, కరెంటు పోయిన ఇంట్లో, తీగలు పీకేసిన పట్టాల మీద ఒక బొమ్మ రైలు నడవడం చూశాను. కలలో కాదు. తాగి కాదు. ఎవరో చెబితే విని కాదు. ఈ రెండు కళ్ళతో, మా అక్క సాక్షిగా. పిల్లల మీద ఒట్టు పెడదామంటే మా ఆవిడ ఊరుకోదు కాబట్టి, నా షాపు మీద ఒట్టు.

నవ్వండి, పర్వాలేదు. నవ్విన వాళ్ళంతా చివరికి నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. మీరూ అడుగుతారు, చూడండి.

ఇదిగో, ఇప్పుడు చెబుతుంటే కూడా చేతి మీద వెంట్రుకలు లేస్తున్నాయి. భయం కాదని అనను... భయమే. కానీ ఆ భయం కింద ఇంకేదో ఉంది. జాతరలో జెయింట్ వీల్ పైకి వెళ్ళి ఒక్క క్షణం ఆగుతుందే, అలాంటిది. అందుకే ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. సరే, మొదటినుంచీ వినండి.

మా అక్క సత్యవతిది ధవళేశ్వరం. కాలవగట్టు పక్క వీధిలో ఇల్లు. పెళ్ళైన ఏడాది నుంచి దసరాకి బొమ్మల కొలువు పెట్టేది. ఏ ఊరు వెళ్ళినా చీర కొనుక్కోదు, బొమ్మ కొనుక్కుంటుంది. కొండపల్లి నుంచి ఎడ్లబండి, కుమ్మరి, తాటిచెట్టెక్కేవాడు. ఏటికొప్పాక నుంచి లక్క బిందెలు. అలా కొనగా కొనగా ఓ ఊరే పోగైంది. మరి ఊరికి ఇళ్ళు కావాలి కదా... అది మా బావగారి పని.

బావగారు ఇరిగేషన్ ఆఫీసులో ప్లాన్లు గీసేవారు. ఇంట్లో అట్టముక్కలతో ఇళ్ళు కట్టేవారు. ఊరికే కట్టడం కాదు. ముందు స్కేలు తీసుకుని బొమ్మ ఎత్తు కొలిచేవారు. "మనిషి వంగకుండా గుమ్మం దాటాలోయ్, అప్పుడే అది ఇల్లు" అనేవారు. పెంకుటిళ్ళు, డాబాలు, అరుగులు, నూతి గిలక... వీధి చివర ఆకుపచ్చ తలుపుల ఇల్లొకటి. అది వాళ్ళ సొంత ఇల్లే. గోడ మీద కరెంటు మీటరుతో సహా దించేశారు.

ఆ బొమ్మల్లో ఒకాయన ఉన్నాడు. కొండపల్లి బొమ్మే, అరచేయంత ఉంటాడు. తెల్ల పంచె, చంకలో మడిచిన గొడుగు, చేతిలో గుడ్డసంచి. మా బావగారు ఎండైనా వానైనా గొడుగు లేకుండా గడప దాటేవారు కాదు. ఊరెళ్ళాలంటే అందరికంటే ముందు స్టేషన్‌కి చేరి, గొడుగు చంకలో పెట్టుకుని నిలబడేవారు. కొత్తగా పెళ్ళైన రోజుల్లో కొండపల్లి షాపులో ఈ బొమ్మని చూసి, "ఇదిగోండి మీరు" అందట అక్క. ఆరోజు నుంచి అతని పేరు గొడుగాయన.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. కొలువు పెట్టేవాళ్ళకి తెలిసిందే. చివరి రాత్రి హారతి ఇచ్చాక ఒక్క బొమ్మనైనా పడుకోబెట్టాలి. అప్పుడే కొలువు ముగిసినట్టు. మర్నాడు మిగతావాటిని గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దేస్తారు. అక్క ఏటా గొడుగాయననే పడుకోబెట్టేది. అతనికి బొటనవేలంత దూది దిండు, పాత పంచె చింపిన దుప్పటి. బావగారు కుర్చీలోంచి, "మెడ పట్టకుండా చూసి పడుకోబెట్టవే, రేపు నాకు ఆఫీసుంది" అనేవారు. ఏటా అదే మాట. ఏటా మేం నవ్వేవాళ్ళం.

బావగారు ఉన్నట్టుండి పోయారు. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి లేవలేదు. ఆ తర్వాత అక్క కొలువు మానేసింది. ఊరు ఊరంతా మంచం కింద ట్రంకుపెట్టెలోకి వెళ్ళిపోయింది.

మొన్న దసరా ముందు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ రాంబాబూ, బొమ్మలు ఇచ్చేస్తన్నాన్రా. భీమవరంలో కొత్తగా హోటల్ కట్టేరంట, ముందు హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటామని అడిగేరు. ఈ ఒక్కసారి కొలువు పెట్టి, కళ్ళారా చూసుకుని, పండగెళ్ళిన మర్నాడు పంపించేస్తాను."

బావగారు గుమ్మం కొలిచి కట్టిన ఇళ్ళు... ఎవడో బిర్యానీ తిని చేతులు తుడుచుకుంటూ వాటి ముందు సెల్ఫీ దిగుతాడు. కానీ మా అక్క ఒకసారి అనుకుంటే అంతే. వద్దంటే ఇంకా గట్టిగా అనుకుంటుంది. అందుకని వద్దనలేదు. నాకు వేరే ఉపాయం తట్టింది.

నాకు బొమ్మ రైళ్ళ పిచ్చి. పిల్లలు ఆడుకునే బ్యాటరీ రైలు కాదండి. పట్టాల్లోంచి కరెంటు పారుతుంది, ఇంజను దాన్ని చక్రాలతో అందుకుని నడుస్తుంది. పాత సామాను అమ్మేవాడి దగ్గర ఒక పెట్టెడు దొరికాయి. షాపు మేడ మీద గదిలో పట్టాలు పరిచి పెట్టుకున్నాను. మా ఆవిడ దృష్టిలో నా జబ్బుల్లో అదొకటి. ఆ రైలు తీసుకెళ్ళి అక్క కొలువులో తిప్పితే... ఊరు కదులుతుంది, ప్రాణం వస్తుంది. ప్రాణం ఉన్న ఊరిని అట్టపెట్టెలో పెట్టి పంపడానికి అక్కకి చేతులు రావు. అదీ నా లెక్క. ఎంత సంబరపడ్డానంటే ఆ రాత్రి నిద్రపోలేదు.

తీరా ధవళేశ్వరం వెళ్ళి బొమ్మల పక్కన రైలు పెడితే తెలిసింది అసలు సంగతి. నా రైలుపెట్టె గొడుగాయన నడుం దాకా కూడా రాలేదు. అక్క పకపకా నవ్వింది. బావగారు పోయాక అలా నవ్వడం అదే మొదలు.

"ఏంట్రా ఇది. ఈయన ఇందులో ఎక్కాలంటే మడతపెట్టాలి."

"గూడ్సు పెట్టె ఉందిగా అక్కా. పైన కప్పుండదు, చుట్టూ గోడలు కూడా పొట్టివే. పడుకుని వెళ్ళొచ్చు."

"మీ బావగారు గూడ్సులో వెళ్ళడమేంట్రా. రిజర్వేషన్ లేకపోతే కదిలేవారు కాదు."

సరదాకి గొడుగాయనని ఆ పెట్టెలో పడుకోబెట్టి చూశాను. కొలిచి చేసినట్టు సరిపోయాడు. మళ్ళీ తీసేశాను.

చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద దేవుళ్ళు, రాజులు. కింద ప్లైవుడ్ చెక్కల మీద ఊరు. పెద్ద బొమ్మలన్నీ ముందుకి, రైలు వెనక్కి. దూరంగా వెళ్ళే రైలు ఎలాగూ చిన్నగానే కనిపిస్తుంది కదా. మెట్ల వెనక ఖాళీయే సొరంగం. దాని నోటికి గుడ్డ వేలాడుతుంది. అందులోంచి రైలు బయటికొచ్చి, ముందు స్టేషన్‌లో ఆగి, తర్వాత ఇళ్ళ వెనగ్గా ఆకుపచ్చ తలుపుల ఇంటిదాకా వెళ్ళి, చుట్టు తిరిగి మళ్ళీ సొరంగంలో దూరుతుంది. స్టేషన్ దాటగానే ఒకచోట పట్టాల అతుకు సరిగ్గా కుదరలేదు. రైలు దాని మీదుగా వెళ్తే టక్... టక్ అనేది. ఎంత అరగదీసినా పోలేదు. పోనీ, నిజం రైలులా ఉందిలే అని వదిలేశాను.

గొడుగాయనని ఎక్కడ పెట్టాలో అడగక్కర్లేదు. ప్లాట్‌ఫాం మీదే. కానీ రైలు వచ్చినప్పుడల్లా చెక్క అదిరి, అతను బోర్లా పడుతున్నాడు. పేరంటానికి వచ్చినవాళ్ళ ముందు పడితే బాగోదని, అక్క వంటింట్లో ఉన్నప్పుడు, నేను షాపులో వాడే గట్టి గమ్ము రెండు చుక్కలు వేసి పాదాలు అంటించేశాను. రైలు పెట్టుకునేవాళ్ళం అంతే కదా... చెట్టైనా స్తంభమైనా మనిషైనా, కదలకుండా అంటించడమే మాకు తెలుసు.

ఆ తొమ్మిది రోజులూ ఏం చెప్పమంటారు. వీధి వీధంతా వచ్చింది. శనగల పొట్లాలు చేతిలో పట్టుకుని ఆడవాళ్ళు నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని రైలు కోసం సొరంగం కేసి చూసేవారు. ధవళేశ్వరానికి రైలొచ్చిందని ఒకావిడ లెంపలేసుకుంది. షాపు మూసి రోజూ సాయంత్రం బండి మీద అక్క ఇంటికి పరుగెత్తేవాడిని. అక్క ముఖం కళకళలాడుతోంది. నా లెక్క ఫలిస్తోందనుకున్నాను.

ఫలించలేదు. విజయదశమి సాయంత్రం వెళ్ళేసరికి, మూలన పాత చీరలు, ఖాళీ అట్టపెట్టెలు సిద్ధంగా ఉన్నాయి.

"పొద్దున్నే వ్యాన్ వస్తందిరా. సర్దడానికి ఈ రాత్రి ఇక్కడే ఉండిపో" అంది.

ఏదో అనబోయాను. "ఇంకేం మాటాడకు. ఈ పెట్టె మంచం కింద ఉన్నంతకాలం నాకు నిద్ర పట్టట్లేదు" అంది.

పేరంటాళ్ళు వెళ్ళిపోయారు. హారతి అయ్యింది. అక్క చిన్న దిండు పళ్ళెంలో పెట్టుకుని ప్లాట్‌ఫాం దగ్గర కూర్చుంది. గొడుగాయనని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తింది. రాలేదు. ప్లాట్‌ఫాం మొత్తం పైకి లేచింది.

"ఏంట్రా ఇది."

నేను గోడకేసి చూశాను.

"అంటించేసేవా?"

"రైలొచ్చినప్పుడల్లా పడిపోతన్నాడక్కా..."

"కొలువు బొమ్మని ఎవరైనా అంటిస్తారంట్రా. పడుకోబెట్టాల్సిన మనిషిని నిలబెట్టి అంటించేస్తే, నేనెలా పడుకోబెట్టను?"

"వేరే బొమ్మని పడుకోబెట్టు. కుమ్మరిని..."

"ప్రతి ఏడూ ఆయన్ని పడుకోబెట్టి, ఈ ఆఖరిసారి కుమ్మరినా?"

నేను బొమ్మని కాస్త మెలిపెట్టి చూశాను. "లాగకు, కాళ్ళు విరుగుతాయి" అని నా చెయ్యి తీసేసింది. పొద్దున్న థిన్నర్ తెచ్చి తీసేస్తానన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. ఆ చిన్న దుప్పటి మడత విప్పి, నిలబడ్డ గొడుగాయన భుజాల చుట్టూ కప్పింది. తల కూడా మునిగేలా.

"ఈ రాత్రికి ఇలా సర్దుకోండి" అంది మెల్లగా. నాతో కాదు.

దిండు పళ్ళెంలోనే ఉండిపోయింది. పళ్ళెం మెట్టు మీద పెట్టి వెళ్ళి పడుకుంది. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. రైలుని సొరంగంలోకి నడిపించి ఆపాను. పట్టాల నుంచి తీగలు రెండూ పీకాను. అడాప్టరు గోడ నుంచి తీశాను. అక్క ఇంట్లో ఎలకలు వైర్లు కొరుకుతాయి. అందుకని తీగలు, అడాప్టరు, నడిపే డబ్బా అన్నీ చుట్టచుట్టి వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టాను. గుర్తుంచుకోండి... పీకాను. ఫ్రిజ్ మీద పెట్టాను.

ముందుగదిలోనే చాప వేసుకుని పడుకున్నాను. వాన మొదలైంది. కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. ఊళ్ళో అందరి ఇళ్ళకీ ఇన్వర్టర్లు పెట్టినవాడిని, సొంత అక్క మాత్రం వద్దని నాకు పరువు లేకుండా చేసింది. చిమ్మచీకటి. వాన చినుకులు, దూరంగా కప్పలు. నిద్ర పట్టీ పట్టకుండా ఉంది.

స్... స్... స్...

మెట్ల వెనక. కాగితం మీద గోరుతో గీసినట్టు. ఎలక అనుకున్నాను. తీగలు ఫ్రిజ్ మీద పెట్టి మంచిపని చేశాననుకున్నాను కూడా. పక్కకి తిరిగి పడుకున్నాను.

స్... స్... స్...

ఎలక ఆగి ఆగి గీరుతుంది. ఇది ఆగడం లేదు. ఒకే తీరుగా వస్తోంది. ఆ చప్పుడు నాకు తెలుసు... పట్టా మీద చక్రం రాసుకునే చప్పుడు. నెలల తరబడి వింటున్న చప్పుడు. నా చెవి అది రైలని చెప్పేసింది. నా బుర్ర మాత్రం ఒప్పుకోలేదు.

ఫోన్ తడిమాను. దొరికింది. లైటు వేశాను. చార్జింగు అయిపోవస్తోంది, తెర మీద ఎర్రగీత.

సొరంగం నోటికి వేలాడే గుడ్డ... కొద్దిగా ఉబ్బింది. లోపల్నుంచి ఎవరో వేలితో తోసినట్టు. మెల్లగా పైకి లేచింది. దాని కింద నుంచి ఇంజను ముక్కు బయటికొచ్చింది.

చాప మీంచి లేచి నిలబడ్డాను.

ఒకటి చెబుతాను. ఆ ఇంజను పాతది. కరెంటు తక్కువిస్తే కదలదు, కాస్త పెంచితే గెంతుతుంది. దాన్ని నెమ్మదిగా నడపాలని నేను పడని పాటు లేదు. ఆ రాత్రి అది నడిచిన నెమ్మది... నిద్రపోతున్న ఇంట్లోకి మనిషి చెప్పులు విడిచి వచ్చినట్టు నడిచింది. ఇంకొకటి. కరెంటు అందితే దాని ముందు దీపం వెలగాలి. వెలగలేదు. చీకటి ముఖంతో వచ్చింది. వెనక పెట్టెలు ఒక్కొక్కటీ గుడ్డ కింద నుంచి జారి బయటికొచ్చాయి. చివర గూడ్సు పెట్టె.

వచ్చి... స్టేషన్‌లో... ఆగింది.

గూడ్సు పెట్టె సరిగ్గా గొడుగాయన ముందుకొచ్చి ఆగింది. అతను దుప్పటి ముసుగులో అలాగే నిలబడి ఉన్నాడు. నా చేతిలో లైటు వణుకుతుంటే వెనక గోడ మీద అతని నీడ వణుకుతోంది.

"అక్కా..." అన్నాననుకుంటాను.

"ష్..."

పక్కకి చూస్తే, అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నన్ను చూడటం లేదు. రైలునే చూస్తోంది.

"ఆగరా. ఎక్కనీ" అంది.

అప్పుడే ఫోన్ ఆరిపోయింది.

ఏమీ కనబడలేదు. వాన ఉందో వెలిసిందో కూడా తెలియదు. ఎంతసేపో చెప్పలేను... ఆ చీకట్లో అక్క చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. గాజులు నా ఎముకకి నొక్కుకుంటున్నాయి. అప్పుడు చిన్న చప్పుడు. కర్రకి కర్ర తగిలినట్టు... అంతే. మళ్ళీ ఏమీ లేదు. తర్వాత ఆ గీరుడు మొదలైంది. స్... స్... ఇద్దరం చెవులప్పగించి నిలబడ్డాం. నాకు తెలుసు, ఇప్పుడు రావాలి. స్టేషన్ దాటితే రావాలి...

టక్... టక్.

కుదరని అతుకు. దాటింది. బండి కదిలింది.

మీకు పిచ్చిగా అనిపించవచ్చు. ఆ చీకట్లో చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోతే, నేను నవ్వుతున్నాను. నోరంతా తెరిచి. మా అక్క కూడా నవ్వుతోందని నాకు ఎలాగో తెలిసింది. చిన్నప్పుడు ఇద్దరం దాక్కుని ఊపిరి బిగబట్టినప్పుడు ఇలాగే ఉండేది.

చప్పుడు ఆగిపోయింది. చివరికి అక్కే నా చెయ్యి వదిలి, తడుముకుంటూ వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చింది. పుల్లలు మెత్తబడ్డాయి. మొదటిది వెలగలేదు. రెండోది విరిగింది. తర్వాతది వెలిగింది. హారతి కుందిలో మిగిలిన వత్తి వెలిగించి, నేల మీద కూర్చుని, పట్టాల పక్కగా దీపం జరుపుకుంటూ వెళ్ళింది.

ప్లాట్‌ఫాం మీద దుప్పటి ఉంది. మనిషి లేడు. నేలకి అతుక్కుని పల్చగా ఉంది దుప్పటి.

రైలు ఆకుపచ్చ తలుపుల ఇంటి దగ్గర ఆగి ఉంది. అక్క కుంది పైకెత్తి గూడ్సు పెట్టెలోకి వంగి చూసింది. దీపం వెలుగులో ఆవిడ ముఖం చూస్తూ నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదు.

"పడుకున్నారురా" అంది.

అప్పుడు వెళ్ళి చూశాను. గొడుగాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చంకలో గొడుగుతో. తల కింద చిన్న దూది దిండు ఉంది.

తెల్లారేదాకా మేం దాని దగ్గరే కూర్చున్నాం. కరెంటు రాగానే నేను చేసిన మొదటి పని ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తడం. తీగలు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. ప్లాట్‌ఫాం చూశాను. గమ్ము అలాగే ఉంది. ఎండి, మెరుస్తూ, రెండు పాదాల గుర్తులు. కొండపల్లి బొమ్మ చేసే పొణికి కర్ర మెత్తన. ఊడితే గమ్ముకి పీచైనా అంటుకోవాలి, రంగైనా రావాలి. ఏమీ లేదు. పాదాల కింద రంగు కూడా చెక్కుచెదరలేదు. ముట్టుకోకుండా, పెట్టె పక్కన తల నేలకానించి చూశాను.

నేనూ మనిషినే, నాకూ అనుమానాలు వచ్చాయి. తేమకి గమ్ము ఊడి ఉండొచ్చు. నా ఫోన్ ఆరిపోయాక, అక్క నా చెయ్యి పట్టుకునేలోపు... ఆ మధ్య ఎంతసేపో నాకు తెలియదు కదా.

"అక్కా, నిజం చెప్పు. నువ్వే తీసి పడుకోబెట్టేవా?"

ఆవిడ నా కేసి చిత్రంగా చూసింది. "నేను నిన్ను అడుగుదామనుకుంటన్నాను. బండి నువ్వే నడిపేవా? నా మనసు మార్చాలని?"

"అమ్మ తోడు. నేను కాదు."

"అమ్మ తోడు. నేనూ కాదు."

అక్క కళ్ళలోకి చూశాను. మా అక్క అబద్ధం చెబితే కుడికన్ను ఆడుతుంది, చిన్నప్పటి నుంచీ. ఆడలేదు.

అప్పుడే వీధిలో వ్యాన్ ఆగింది.

నాకు ముచ్చెమటలు పోశాయి. రాత్రి పట్టిన చెమట వేరు, ఇది వేరు. పద్ధతి ప్రకారం బొమ్మ పడుకుంది. అంటే కొలువు ముగిసింది. ఇక ఎత్తేయొచ్చు. అట్టపెట్టెలు మూలన ఉన్నాయి. నేను చేసిందంతా వృథా. డ్రైవర్ పెద్దమనిషి, తల నెరిసింది. గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"భీమవరం నుంచి వచ్చేనండి. బొమ్మలంట కదండి."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది.

"కొలువు ఇంకా ఎత్తలేదండి."

"పర్లేదండి, నేను కూడా ఓ చెయ్యేస్తానండి. దగ్గరుండి సర్దుకుంటాను."

"అది కాదండి. గొడుగాయన బండిలో ఉన్నారు. ఇంకా దిగలేదు."

డ్రైవర్ నా కేసి చూశాడు. నేను తలూపాను. ఎందుకు ఊపానో తెలియదు, ఊపాను. ఆయన మళ్ళీ అక్క కేసి చూశాడు.

"ఎప్పుడు దిగుతారండి మరి?"

"దిగేక ఫోన్ చేస్తానని మీ సార్‌కి చెప్పండి. కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురు గాని."

కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి వంగి, గూడ్సు పెట్టెలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిద్దరోతన్నారండి" అన్నాడు గొంతు తగ్గించి. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు.

ఖాళీ వ్యాన్ వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చాను. అక్క అట్టపెట్టెలు తీసి పెరట్లో పడేస్తోంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సంతోషం వేసింది, చెబితే ఏం.

అప్పటినుంచి ఆ కొలువు అలాగే ఉంది. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. అక్క దాని చుట్టూ ఊడుస్తుంది, బొమ్మల మీద దుమ్ము కుంచెతో దులుపుతుంది. రైలుని మాత్రం ముట్టుకోదు. ఇప్పుడు ఒళ్ళెరగకుండా నిద్రపోతోందట. తీగలు ఇంకా ఫ్రిజ్ మీదే ఉన్నాయి.

మా ఆవిడ మాత్రం ఇదంతా మీ అక్క పనే అంటుంది. మరి రైలో అంటే, మీరు నిద్రమత్తులో ఉన్నారంటుంది. షాపుకొచ్చేవాళ్ళు అందరూ అడిగే ప్రశ్న అదే. అయితే నడిపిందెవరు? మీరూ అదే అడగబోతున్నారు, నాకు తెలుసు. నాకు తెలిసిన కరెంటుతో అది నడవదు. అంతవరకే చెప్పగలను.

ఒక్కటి మాత్రం మీకు చెప్పాలి, అక్కకి కూడా చెప్పలేదు. ఆ పొద్దున్న, ఇంజను ఆగిన చోట, ముందు చక్రం కింద పట్టా పక్కన పెన్సిల్‌తో సన్నగా గీత గీశాను. మళ్ళీ కదిలితే తెలుస్తుందని.

ఆదివారం ఆదివారం వెళ్తాను. అక్క కాఫీ గ్లాసు చేతికిచ్చి, "చూసి చెప్పరా" అంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, గూడ్సు పెట్టె ఒక్కటే చూస్తాను. గొడుగు చంకలోనే ఉంటుంది. తల దిండు మీదే ఉంటుంది.

"ఇంకా దిగలేదక్కా."

"సరేలే, పడుకోనీ" అంటుంది, ముఖం వెలిగిపోతూ.

ఆ గీత గీసింది అక్కడికి దగ్గర్లోనే. కాస్త తల తిప్పితే కనిపిస్తుంది. ఇంతవరకూ తిప్పలేదు.